క్లారినెట్‌కు "ట్యూనింగ్ చేసిస్తాం" అంటే ఆకురాయి పట్టనివ్వకండి

వరంగల్, హనుమకొండ, కాజీపేట వైపు పిల్లలకు క్లారినెట్ కొనాలనుకునే వాళ్ల కోసం రాస్తున్నా. కొత్త వాయిద్యం శ్రుతి కలవట్లేదని తీసుకెళ్తే, ట్యూనింగ్ పేరుతో ఉంచుకొని, బ్యారెల్ (నోట్లో పెట్టుకునే ముక్కకు కింద ఉండే పొట్టి గొట్టం) అరగదీసి, హోల్స్ పెద్దవి చేసి తిరిగిస్తున్నారు. పైగా దానికి డబ్బులు. అలా పాడైన క్లారినెట్ ఒకటి ఇప్పుడు నా దగ్గరుంది, మా అక్క కొడుకుది. షాపు పేరు రాయట్లేదు, కానీ ఈ పద్ధతి ఆ ఒక్క చోటే ఉందని నేననుకోను. పెళ్లిళ్లకు బ్యాండులో క్లారినెట్ వాయిస్తాను కాబట్టి లోపల ఏం జరిగిందో చెప్పగలను.

మా బావ 12,500 పెట్టి ప్లాస్టిక్ బాడీ స్టూడెంట్ క్లారినెట్ కొన్నాడు. ప్లాస్టిక్ అని చిన్నచూపు అక్కర్లేదు, మన ఎండలకు చెక్క పగుళ్లు ఇస్తుంది, ఇది ఇవ్వదు. పిల్లాడు క్రిస్మస్ పాటలకు కోయిర్‌తో కూర్చుంటే కీబోర్డు కంటే స్వరం కిందికి వినిపించింది. నేను సీజన్ మీద ఊళ్లు తిరుగుతున్నా. బావ తిన్నగా షాపుకే పోయాడు. "పీస్ మంచిదే సార్, ట్యూనింగ్ ఔటైంది. మా మేస్త్రీ సెట్ చేస్తడు, పద్దెనిమిది వందలైతయ్" అన్నారట. కొత్త సామాను, బిల్లు మీద ఇంకు ఆరలేదు, దానికి రిపేరు చార్జీ! ఆ మాట దగ్గరే ఎవరైనా ఆగాలి.

అసలు ఎందుకు కిందికి పలికిందో చూడండి. డిసెంబరు పొద్దున చలి. గాలి ఒక డిగ్రీ చల్లబడితే శ్రుతి సుమారు 3 సెంట్లు దిగుతుంది (అరస్వరానికి 100 సెంట్లు). ఊపిరి వేడికి లోపలి గాలి వెచ్చబడి కొంత సర్దుకుంటుంది కానీ, పెట్టెలోంచి తీయగానే వాయిస్తే కిందికే ఉంటుంది. దానికితోడు 1.5 నంబరు మెత్తటి రీడ్ (ఊదితే అదిరి స్వరం పుట్టించే సన్నటి పలక; నంబరు పెరిగితే గట్టిది), పెదవి పట్టు ఇంకా రాని పిల్లాడు. ఈ రెండూ స్వరాన్ని కిందికే లాగుతాయి. ఇక నేను విప్పి చూస్తే కింది జాయింట్‌లో (వాయిద్యం కింది ముక్కలో) రెండు ప్యాడ్లు, అంటే కీల కింద హోల్స్ మూసే మెత్తటి బిళ్లలు, హోల్ మీద మరీ దగ్గరగా వాలి ఉన్నాయి. ప్యాడ్ సరిపడా తెరుచుకోకపోతే ఆ స్వరం కిందికి దిగి, ముక్కు మూసుకున్నట్టు పలుకుతుంది. కీ అడుగున కార్క్ మందం సరిచేస్తే పోయేదది. పనిముట్లున్న మనిషికి పెద్ద పని కాదు.

ఆ మేస్త్రీ అవేవీ ముట్టుకోలేదు. బ్యారెల్‌ను 3 మిల్లీమీటర్ల దాకా కురచ చేశాడు. బ్యారెల్ కురచైతే అన్ని స్వరాలూ ఒకేలా పైకి పోవు, అసలు చిక్కంతా ఇక్కడే. ఏ వేలూ పెట్టకుండా వచ్చే ఓపెన్ జి (జి, ఇ, సి లాంటివి పాశ్చాత్య స్వరాల పేర్లు) దగ్గర పలికే గొట్టం చిన్నది, అక్కడ 1 మిల్లీమీటరు తగ్గితే స్వరం 7 సెంట్ల వరకు లేస్తుంది. అన్ని వేళ్లూ మూసి ఊదే అట్టడుగు ఇ దగ్గర గొట్టం పొడవు, అదే మిల్లీమీటరుకు 3 సెంట్లే. అంటే 3 మిల్లీమీటర్లు తీసేస్తే జి 20 సెంట్లు ఎక్కింది, ఇ ఎక్కినది 9. పిల్లాడి నోరు కుదిరి, రీడ్ 2.5కి మారి, ఎండలు మొదలయ్యాక ఆ మధ్య స్వరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయి. పోనీ బ్యారెల్ కొంచెం బయటికి లాగి స్వరం దించుదామంటే, సాకెట్ అడుగు చేత్తో చెక్కడం వల్ల ఒక పక్కకు ఒరిగి కూర్చుంటోంది, గాలి లీకు.

బ్యారెల్ ఒక్కటే అయితే కొత్తది కొనుక్కోవచ్చు. హోల్స్ సంగతి అలా కాదు. ఎడమ చేతి మూడు వేళ్లూ, బొటనవేలూ మూస్తే వచ్చే సి కొంచెం కిందికుందని, ఆ సి బయటికొచ్చే హోల్‌ను ఆకురాయితో పెద్దది చేశాడు. ఫ్లూట్‌లో గట్టిగా ఊదితే అదే స్వరం పై స్థాయిలో వస్తుంది. క్లారినెట్ అలా కాదు, వెనక బొటనవేలి దగ్గరుండే రిజిస్టర్ కీ నొక్కితే పన్నెండో స్వరానికి ఎగురుతుంది. కింద సి పలికించే వేళ్లే పైన జి పలికిస్తాయి. కాబట్టి హోల్ పెద్దది చేస్తే సి తోపాటు జి కూడా పైకి పోతుంది. ఇప్పుడు సి సరిగ్గా ఉంది, పై జి ట్యూనర్‌లో (శ్రుతి ఎంత తేడా ఉందో చూపే సాధనం) ఎరుపు దాటి పోతోంది. హోల్ లోపల పై అంచుకు సన్నటి టేపు ముక్క అంటించి ప్రస్తుతానికి వాయిస్తున్నాం. టేపు ఎన్నాళ్లుంటుంది, చెమ్మ తగలగానే ఊడుతుంది.

ఇంకో రెండు మాటలు, వీటితో కూడా డబ్బులు గుంజుతారు. స్టూడెంట్ క్లారినెట్ దాదాపు ఎప్పుడూ బి ఫ్లాట్‌ది. పిల్లాడు సి వాయిస్తే కీబోర్డు మీద బి ఫ్లాట్‌తో కలుస్తుంది, మన లెక్కలో ఆరున్నర శ్రుతి. "కీబోర్డు సి తో కలవట్లేదు కదా, ఇది ఫాల్టే" అంటే నవ్వి బయటికొచ్చేయండి. అలాగే క్లారినెట్ పై భాగంలో, ఓపెన్ జి కి కాస్త పైన వచ్చే బి ఫ్లాట్ కాస్త బొంగురుగా ఉండటం మామూలే. ఒకే చిన్న రంధ్రం ఆ స్వరానికీ, రిజిస్టర్ మార్చడానికీ పనిచేస్తుంది, లక్షల ఖరీదు చేసే వాయిద్యాల్లోనూ ఆ రాజీ తప్పదు. దాన్ని ఎవరూ "బాగు" చెయ్యక్కర్లేదు.

పాత బ్యాండుల నుంచి సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు బాడీ మీద హెచ్.పి. అని ముద్రుందేమో చూడండి. అది హై పిచ్, బ్రిటిష్ కాలపు మిలిటరీ బ్యాండు శ్రుతి, ఎ స్వరం 452 హెర్ట్జ్ దగ్గర. ఇప్పటి 440తో కలవాలంటే దాదాపు పావు స్వరం దించాలి, బ్యారెల్ ఎంత లాగినా కుదరదు. ఎల్.పి., అంటే లో పిచ్, అయితే పర్లేదు. ముద్ర లేకపోతే ట్యూనర్‌తో తేల్చుకోండి.

కొనేటప్పుడు వాయించే మనిషిని వెంటబెట్టుకుని పోండి, పెళ్లి సీజన్ కాకపోతే మా బ్యాండు వాళ్లెవరైనా వస్తారు. అక్కడే ఓ పది నిమిషాలు వాయించి వేడెక్కనివ్వండి, తర్వాత ఫోన్‌లో ఉచితంగా దొరికే ట్యూనర్ పెట్టి, ఓపెన్ జి, మధ్య సి, పై జి చూడండి. పై జాయింట్‌ను విడిగా పట్టుకొని వేళ్లతో హోల్స్, అరచేత్తో అడుగు మూసి నోటితో గాలి పీల్చండి. ఆ పట్టు కొన్ని క్షణాలైనా నిలవాలి, వెంటనే వదిలేస్తే ప్యాడ్లు లీకు. రిపేరుకిస్తే ముందు ఫోటోలు తీసి, బ్యారెల్ పొడవు కొలిచి, "కోయడం, అరగదీయడం లేదు" అని రశీదు మీదే రాయించండి. రాయను అంటే ఇవ్వకండి.

మా బావ అడిగితే "ట్యూనింగ్ అంటే అదే సార్" అన్నారు. 1915కి, అదే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు నమోదు చేశాం. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి పోతాం, 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు. ఈలోగా ఈ మోడల్‌కు సరిపోయే 66 మిల్లీమీటర్ల బ్యారెల్ ఎవరి దగ్గరైనా ఉంటే, లేదా పెద్దదైన హోల్‌కు లోపల రింగు వేసి సరిచేసే మనిషి వరంగల్‌లో గానీ హైదరాబాద్‌లో గానీ తెలిస్తే చెప్పండి. రానూపోనూ ఖర్చు మాదే.