రెండు యుద్ధ నవలలు: ముందు ఏది చదవాలి?

రెండో ప్రపంచ యుద్ధం మీద ఏడిపించే నవలలకు కొదవ లేదు. ఏడిపించాక కాస్త ధైర్యం చెప్పేవే తక్కువ. మార్కస్ జుసాక్ ‘ద బుక్ థీఫ్’ (2005), ఆంథొనీ డోర్ ‘ఆల్ ద లైట్ వి కెనాట్ సీ’ (2014) ఆ కోవలోవి. ఒక్కటే చదివే తీరిక ఉంటే నా ఓటు జుసాక్‌కే. (కథలు కొంత బయటపడతాయి, చదవబోయేవాళ్లు చూసుకోండి.)

జుసాక్ నవలలో కథ చెప్పేది మృత్యువు. ఎవరు పోతారో ముందే చెప్పేస్తుంది. కథానాయిక, జర్మన్ పిల్ల లీజెల్ స్నేహితుడు రూడీ బతకడని సగం పుస్తకంలోనే తెలిసిపోతుంది. ఇంక సస్పెన్స్ ఏముంది అనుకుంటాం. కానీ అక్కడి నుంచి వాడు చేసే ప్రతి అల్లరికీ గుండె కలుక్కుమంటుంది. చదువురాని లీజెల్‌కి పెంపుడు తండ్రి హాన్స్ నేలమాళిగలో, గోడ మీద రంగుతో మాటలు రాసి నేర్పుతాడు. అక్కడే దాక్కున్న యూదుడు మాక్స్, హిట్లర్ పుస్తకం పేజీలకు తెల్లరంగు పూసి, వాటి మీద ఆ పిల్ల కోసం బొమ్మల కథ రాస్తాడు. నాజీలకు ఇంత గట్టి జవాబు నేను వేరే నవలలో చదవలేదు. ఇక నోరు తెరిస్తే తిట్లే కురిపించే హాన్స్ భార్య రోజా, భర్త సైన్యంలోకి వెళ్లాక రాత్రిళ్లు అతని అకార్డియన్ ఒంటికి తగిలించుకుని కూర్చుంటుంది. వాయించదు. నన్ను బాగా ఏడిపించింది ఆమే.

వాక్యం అందం చూస్తే మాత్రం డోర్‌దే పైచేయి. 2015లో పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది. చూపులేని మరీ లోర్‌కి తండ్రి ఊరి నమూనా చెక్కతో చేసిస్తే, ఆమె వేళ్లతో తడిమి దారులు నేర్చుకుంటుంది. ఆ పేజీలు ఎన్నిసార్లయినా చదవచ్చు. కానీ ఆమెనీ, రేడియోల పిచ్చి ఉన్న జర్మన్ కుర్రాడు వెర్నర్‌నీ 1944 ఆగస్టులో, బాంబులు పడుతున్న ఫ్రాన్స్ ఊరు సాన్ మాలోలో కలపడానికి రచయిత చాలా ఏర్పాట్లే చేశాడు. శాపం ఉన్న వజ్రం, దాని కోసం తిరిగే నాజీ అధికారి! అక్కడ నాకు సినిమా చూస్తున్నట్టే అనిపించింది. పైగా కథ ముందుకీ వెనక్కీ దూకుతుంది.

అయితే ఒక్క విషయంలో డోర్ వెళ్లినంత లోతుకి జుసాక్ వెళ్లలేదు. నాజీ స్కూల్లో స్నేహితుడు ఫ్రెడరిక్‌ని చితకబాదుతుంటే వెర్నర్ చూస్తూ ఊరుకుంటాడు. వాడు మంచివాడే. మంచివాళ్లు అలా ఎందుకు ఊరుకుంటారన్న ప్రశ్న మిమ్మల్ని తొలుస్తుంటే డోర్‌తోనే మొదలుపెట్టండి. ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే మాత్రం వాళ్ల చేతిలో జుసాక్‌నే పెట్టండి.