జాగ్రత్త: మాన్‌స్టర్ సినిమాల రీమేక్‌లకు డబ్బు కట్టే ముందు ఇవి చూసుకోండి

ఆఫర్ పెట్టినప్పుడల్లా డిజిటల్ షాపుల్లో పాత మాన్‌స్టర్ సినిమాల రీమేక్‌లే ముందు వరసలో కనిపిస్తాయి. పేరు తెలిసిందే, పోస్టర్ బాగుంది, రేటు తక్కువ. తీరా ప్లే నొక్కాక డబ్బు వెనక్కి రావడం చాలా కష్టం. ఇలా కొని ఉసూరుమన్నవాళ్లు చాలామందే ఉన్నారు. అందరూ దెబ్బతినేది దాదాపు అవే చోట్ల, అందుకే వివరంగా రాస్తున్నాం.

మొదటి చిక్కు పేరుతోనే. ‘ద థింగ్’ అని వెతికితే రెండు సినిమాలు వస్తాయి. జాన్ కార్పెంటర్ తీసినది 1982ది. 2011లో వచ్చినది దానికి ముందు కథ, అంటార్కిటికాలో నార్వే వాళ్ల శిబిరంలో జరిగినది. పేరులో ఒక్క అక్షరం తేడా లేదు. ‘ద మమ్మీ’కి 1932, 1999, 2017 ఉన్నాయి. ‘గాడ్జిల్లా’కి 1954, 1998, 2014. పోస్టర్ చూసి కొనకండి, సంవత్సరం, దర్శకుడి పేరు చూసి కొనండి.

‘థింగ్’ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే రీమేక్‌లు ఎక్కడ తేలిపోతాయో ఈ రెండూ పక్కపక్కన పెడితే కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. 1982 సినిమాలో జీవులను చేసింది రాబ్ బొటిన్, పని మొదలుపెట్టినప్పుడు ఆయనకు 22 ఏళ్లు. ఫోమ్ రబ్బరు, లోపల మీటలు, కేబుళ్లు, పైన జిగురు కారడానికి మయొనైజ్, మొక్కజొన్న గుజ్జు, వేడిచేసి కరిగించిన బబుల్‌గమ్. గుండె ఆగిన మనిషికి డాక్టర్ షాక్ ఇస్తుంటే ఛాతీ నోరులా తెరుచుకుని ఆయన రెండు చేతులూ కొరికేసే సీను గుర్తుందా? ఆ ఒక్క షాటుకు నిజంగా రెండు చేతులూ లేని మనిషికి నటుడి ముఖం మాస్కు తొడిగి, మైనం ఎముకలు, రబ్బరు నరాలు, జెల్లీ కూరిన నకిలీ చేతులు తగిలించారు. గదిలోని దీపం వెలుగే ఆ రబ్బరు మీదా పడింది, మనిషి చొక్కా మీదా పడింది. అందుకే కన్ను నమ్ముతుంది.

2011 సినిమాకూ బొమ్మలు చేయించారు. అలెక్ గిల్లిస్, టామ్ వుడ్రఫ్ జూనియర్ల బృందం వాటిని తయారుచేసింది, సెట్లో నటుల ఎదుట నడిపించింది, కెమెరాలో షూట్ కూడా అయ్యాయి. తర్వాత చాలాచోట్ల వాటి మీద కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిచేశారు. దాంతో జీవి చర్మం మరీ నున్నగా తేలింది, కదలికలో బరువు పోయింది. మనుషులను తరుముకుంటూ పరిగెత్తే షాట్లలో ఈ లోపం స్పష్టంగా కనిపిస్తుంది. చేసిన పని తెరకెక్కకపోవడంతో వాళ్లిద్దరూ తర్వాత జనం దగ్గర చందాలు పోగేసి, బొమ్మలతోనే ‘హార్బింజర్ డౌన్’ అనే సినిమా తీసి 2015లో విడుదల చేశారు. 2011ది చూడాలనుకుంటే అద్దెకు తీసుకోండి, కొనుక్కోవద్దు.

అలాగని తప్పంతా గ్రాఫిక్స్ మీదకు నెట్టేయడం సరికాదు. అసలు లోపం బరువులో ఉంటుంది. 1954లో ఇషిరో హోండా ‘గాడ్జిల్లా’ తీసినప్పుడు ఆ జీవి సూట్ వేసుకుని నటించిన హరువో నకజిమా మోసినది దాదాపు 100 కిలోలు. మనిషి నడకను 50 మీటర్ల జీవి నడకగా చూపించాలంటే కెమెరాతో సెకనుకు ఎక్కువ ఫ్రేములు (విడి బొమ్మలు) తీసి, తెర మీద మామూలు వేగంతో నడిపించాలి. లెక్క సులువే: సెట్లో కట్టిన నమూనా భవనం అసలు దానిలో 25వ వంతు ఉంటే, 25 వర్గమూలం 5, కాబట్టి సెకనుకు 24కి బదులు 120 ఫ్రేములు. అప్పుడే కూలే గోడ నిజమైన భవనంలా నెమ్మదిగా కూలినట్టుంటుంది. కంప్యూటర్‌లో ఈ కట్టుబాటు తనంతట తాను రాదు. యానిమేటర్ పట్టించుకోకపోతే 50 మీటర్ల జంతువు కూడా పిల్లిలా గెంతుతుంది.

1998 ‘గాడ్జిల్లా’లో జరిగింది అదే. న్యూయార్క్ వీధుల్లో హెలికాప్టర్లను తప్పించుకుంటూ పరుగులు తీస్తుంది, చివరికి బ్రూక్లిన్ వంతెన తీగల్లో చిక్కుకుని విమానాల క్షిపణులకు చచ్చిపోతుంది. పాత సినిమాలో సైన్యం ఆయుధాలు దానిని ఏమీ చేయలేవు. 1954 మార్చి 1న బికినీ దీవుల దగ్గర హైడ్రోజన్ బాంబు పరీక్ష బూడిద ఒక జపాన్ చేపల పడవ మీద పడింది. అదే ఏడాది నవంబర్ 3న ఆ సినిమా విడుదలైంది. ఆ జీవి ఎందుకు వచ్చిందో జపాన్ ప్రేక్షకులకు ఒకరు విడమర్చి చెప్పక్కర్లేదు. ఆ కారణాన్ని తీసేస్తే మిగిలేది పెద్ద బల్లి మాత్రమే. అసలు ‘గాడ్జిల్లా’ తీసిన తోహో సంస్థే తర్వాత 1998 జీవికి ‘జిల్లా’ అని వేరే పేరు పెట్టి, 2004 సినిమాలో అసలు గాడ్జిల్లా చేతిలో చంపించింది. 2023 ‘గాడ్జిల్లా మైనస్ వన్’లోదీ గ్రాఫిక్సే. 35 మంది కలిసి 610 షాట్లు చేశారు, ఆస్కార్ వచ్చింది. అందులో జీవి నెమ్మదిగా కదులుతుంది, యుద్ధం మిగిల్చిన భయం దాని వెనక ఉంది. ఇది నిశ్చింతగా కొనుక్కోవచ్చు.

2017 ‘మమ్మీ’ని ఇంకో కారణానికి వదిలేయమంటాం. 1932 సినిమాలో బోరిస్ కార్లాఫ్‌కు కట్లు కట్టి మేకప్ వేయడానికి జాక్ పియర్స్‌కు ఎనిమిది గంటల దాకా పట్టింది. ఆ వేషం తెర మీద ఉండేది కొద్ది సేపే. కళ్లు సన్నగా తెరుచుకోవడం, ఒక చెయ్యి కదలడం, గుమ్మంలోంచి ఈడ్చుకుపోయే కట్టు కొస, అంతే. నడిచి వెళ్లడం చూపించనే లేదు, చూసిన కుర్రాడు పిచ్చెక్కి నవ్వడం చూపించారు. 2017 సినిమా మధ్యలో మమ్మీ కథ ఆపేసి వేరే భయానక కథలోని డాక్టర్ జెకిల్‌నీ, అతని సంస్థనూ పరిచయం చేస్తూ కూర్చుంటుంది, రాబోయే సినిమాలకు పునాదిగా. తలపెట్టిన ఆ వరసే తర్వాత ఆగిపోయింది. మీరు డబ్బిచ్చేది రాని సినిమాల పరిచయానికన్నమాట. అదే స్టూడియో నుంచి 2020లో వచ్చిన ‘ఇన్విజిబుల్ మ్యాన్’ సుమారు 70 లక్షల డాలర్లతో తీసింది. ఖాళీ గది మూలకు కెమెరా తిప్పి ఆపుతుంది, అక్కడ ఎవరూ ఉండరు, అయినా ఒళ్లు జలదరిస్తుంది.

ఇక నిడివి. 2010 ‘వుల్ఫ్‌మ్యాన్’ రెండు రకాలుగా దొరుకుతుంది: థియేటర్లో వచ్చినది దాదాపు 103 నిమిషాలు, పొడిగించినది దాదాపు 119. చిన్నదానిలో మొదటి భాగం హడావుడిగా పరిగెడుతుంది, కొంటే పెద్దదే కొనండి. రిక్ బేకర్ మేకప్‌కు ఆస్కార్ వచ్చిన సినిమా ఇది, కానీ మనిషి తోడేలుగా మారే సీన్లు మాత్రం గ్రాఫిక్స్‌కే అప్పగించారు, ఆశ అక్కడ పెట్టుకోవద్దు. 2005 ‘కింగ్ కాంగ్’ 187 నిమిషాలు, కాంగ్ కనిపించేసరికి గంట దాటుతుంది. 1933 సినిమా మొత్తం 100 నిమిషాలే.

రీమేక్ వద్దని పాతవి కొనేవాళ్లకూ ఉచ్చులున్నాయి. 1922 ‘నోస్ఫెరాటు’ చవక కాపీల్లో రంగు పులుముడు ఉండదు. పగటి వెలుగులో తీసిన రాత్రి సీన్లకు నీలి రంగు వేయడం అప్పటి పద్ధతి. అది లేకపోతే సూర్యుడికి భయపడాల్సిన పిశాచం పట్టపగలు శవపేటిక మోసుకుంటూ తిరిగినట్టు కనిపిస్తుంది. సరిగ్గా బాగుచేసిన ప్రింటు గంటన్నర పైనే ఉంటుంది. గంట చిల్లరే అని రాసి ఉంటే వేగం పెంచినదో కత్తిరించినదో అనుకోండి. 1954 ‘గాడ్జిల్లా’ 96 నిమిషాలు. 80 నిమిషాలది అమెరికన్ నటుడు రేమండ్ బర్‌ను అతికించి 1956లో వదిలిన కూర్పు. 1930ల సినిమాల బొమ్మ దాదాపు చదరంగా ఉంటుంది, టీవీ తెర నిండా వస్తోందంటే తలా కాళ్లూ కోసేశారనో, పక్కలకు సాగదీశారనో అర్థం.

అద్దెకు తీసుకుంటే చాలా షాపుల్లో మొదలుపెట్టడానికి 30 రోజులు, మొదలుపెట్టాక 48 గంటలు ఇస్తారు. తెలుగులో చూడాలనుకుంటే ఆడియో జాబితాలో ‘తెలుగు’ ఉందో లేదో డబ్బు కట్టకముందే చూడండి. థియేటర్లో తెలుగు డబ్బింగ్ ఆడినంత మాత్రాన షాపులో ఉంటుందన్న హామీ లేదు. అమెరికా నుంచి బంధువులతో బ్లూరేలు తెప్పించుకునేవాళ్లు వెనక అట్ట మీద రీజియన్ గుర్తు (డిస్క్ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పేది) ఫోటో తీసి పంపమనండి. అక్కడివి ఎ, మనవి సి, డీవీడీలకైతే 1, 5. ఎ అని మాత్రమే ఉన్న డిస్క్ ఇక్కడి ప్లేయర్లో ఆడకపోవచ్చు. 4కే డిస్కులకు రీజియన్ గొడవ లేదు, కానీ అదే పెట్టెలో కలిపి ఇచ్చే మామూలు బ్లూరేకు ఉండొచ్చు.