బరంపురం నుంచి పూరీకి కాలినడక: మొదటి రోజు ఛత్రపురం వరకు

కార్తీక పౌర్ణమి నాటికి పూరీ చేరాలన్న సంకల్పంతో, ముడుపులు కట్టుకుని, మేము తొమ్మిది మందిమి బరంపురం నుంచి కాలినడకన బయలుదేరాము. ఒడియా వారికి కార్తీకం కుమార పూర్ణిమ, అంటే ఆశ్వయుజ పౌర్ణమి, మరునాడే మొదలవుతుంది, మనకు దీపావళి అమావాస్య దాటితే గాని రాదు. అయినా పౌర్ణమి ఇద్దరికీ ఒక్కటే కాబట్టి, ఆనాటి జగన్నాథస్వామి సునా బేష, అంటే బంగారు అలంకారం, కళ్లారా చూడాలన్న కోరిక కూడా ఇద్దరిదీ ఒక్కటే. రంభ, బాలుగావ్ మీదుగా వెళ్లే రహదారి 160 కిలోమీటర్లకు పైనే ఉంటుంది. చిలికా సరస్సును పడవలో దాటి ఆవలి ఒడ్డున సాతపడ చేరే దారి కూడా ఉన్నా, పెద్దవాళ్లు వెంట ఉన్నందున రహదారినే ఎంచుకున్నాము. ఇక్కడ మొదటి రోజు సంగతే వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే మాలో కాళ్లు దెబ్బతిన్న ముగ్గురికీ ఆ రోజే దెబ్బతిన్నాయి.

తెల్లవారుజామున 4 గంటలకు బుఢీ ఠాకురాణి అమ్మవారికి మొక్కి నడక మొదలుపెట్టాము. 16వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలది. చీకట్లో లారీలు వెనుక నుంచి వచ్చే ఎడమ పక్క కంటే, ఎదురుగా కనిపించే కుడి అంచున ఒకరి వెనుక ఒకరుగా నడవడమే క్షేమమని అరగంటలోనే తెలిసింది. వెలుగు వచ్చాక చేల గట్ల మీద మొగలి పొదలు కనిపించాయి. గంజాం జిల్లా మొగలి అత్తరుకు పేరు పొందినది. శివపూజకు పనికిరాదని మనం పక్కన పెట్టే ఆ పువ్వు ఇక్కడ ఎందరికో జీవనాధారం. ఏడు గంటలకు రోడ్డు పక్క బండి దగ్గర ఇడ్లీ, బరా (మన గారె లాంటిది), ఉప్మా తిన్నాము. బండి నడిపే ఆవిడ మా మాట వినగానే తెలుగులోకి మారి, పెద్దమ్మకు వేడినీళ్లు అడగకుండానే ఇచ్చింది.

ఆడవాళ్లకు ఈ దారిలో అసలు ఇబ్బంది మరుగుదొడ్లది. ఒక పెట్రోలు బంకులో తాళం వేసి ఉంది, అడిగినా తీయలేదు. తరువాతి బంకులో మాత్రం శుభ్రంగా ఉన్న గది తెరిచి ఇచ్చారు. కనుక కనిపించిన మొదటి చోటనే ఆగడం మంచిది, ముందు ఇంకొకటి ఉంటుందిలే అని నడిచిపోకూడదు. సామానుకు మాట్లాడుకున్న ఆటో వల్ల కూడా ఒక పాఠం నేర్చుకున్నాము: అతను మాకంటే మూడు గంటలు ముందే ఛత్రపురం చేరి, సంచులన్నీ ఒక కొట్టులో దించి వెళ్లిపోయాడు. అక్క బీపీ మాత్రలు ఆ సంచుల్లోనే ఉండిపోయాయి. మందులు, ఒక జత బట్టలు ఎవరి భుజాన వారికి ఉండాలి.

సుమారు 20 కిలోమీటర్లు నడిచి 11 గంటలకు ఛత్రపురం చేరాము. గంజాం ఊరి దాకా పోదామని కుర్రవాళ్లు పట్టుబట్టారు గాని, మొదటి రోజు ఇంతకు మించి నడవకూడదనే నా అభిప్రాయం. బస విషయంలో మంచి, చెడు రెండు అనుభవాలూ కలిగాయి. ఫోనులో మాట్లాడుకున్న లాడ్జిలో గదికి ఇద్దరినే ఉంచుతామని, మిగతావారికి అదనంగా ఇవ్వాలని అప్పుడు చెప్పారు. పై అంతస్తుకు నీళ్లు కూడా సరిగా ఎక్కలేదు. అందుకని నలుగురు అక్కడ ఉండి, ఐదుగురం ఒక గుడి మండపానికి మారాము. అక్కడ నేల కడిగి చాపలు వేశారు, బావి నీళ్లు పుష్కలంగా ఉన్నాయి. హబిష వ్రతం, అంటే కార్తీకంలో ఒంటిపూట సాత్వికాహారంతో ఉండే నియమం, పట్టినవారు తమతో పాటు మాకూ పచ్చి బియ్యం, పెసరపప్పు, చామదుంప, అరటికాయ కలిపి నెయ్యితో వండిన అన్నం పెట్టి, ఎంత చెప్పినా డబ్బు పుచ్చుకోలేదు. అయినా మోకాళ్ల నొప్పులున్న ఆడవారికి గదిలోనే స్నానాలగది ఉన్న లాడ్జే మేలు. మండపంలో రాత్రివేళ లేచి దూరం నడవాలి.

సాయంత్రం నడవగలిగినవారు తంపర సరస్సు చూసి వచ్చారు. పొద్దు వాలుతుండగా ఆ మంచినీటి ఒడ్డున కూర్చుంటే ఒళ్లు తేలికపడుతుంది, కాని కాళ్లు బొబ్బలెక్కినవారు ఆ నాలుగు అడుగులు కూడా మిగుల్చుకోవాలి. పెద్దమ్మ బొబ్బలను చిదపకుండా కొబ్బరినూనె రాసి మెత్తని నూలుగుడ్డ చుట్టాము, మర్నాడు ఆవిడ నడవగలిగింది. బావగారి మోకాలు మాత్రం బాగా వాచిపోయింది. ఛత్రపురంలో రైల్వే స్టేషను ఉండడం అప్పుడు అక్కరకు వచ్చింది. ఆయనను సాయంత్రం బండికి బరంపురం పంపించాము. బండి కదిలే ముందు ఆయన తన ముడుపు విప్పి కిటికీలోంచి అక్కకు అందించారు. అక్క దాన్ని తన ముడుపు పక్కనే కొంగున కట్టుకుంది.