ఖాళీ సీటుకి ఎన్నిక: గవర్నర్ ఇష్టమా, కోర్టు కర్రా, చట్టంలో గడువా – ఏది మేలు?

2025 మార్చిలో హ్యూస్టన్ నుంచి అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యుడు సిల్వెస్టర్ టర్నర్ చనిపోయారు. ఆ సీటుకి టెక్సస్ గవర్నర్ నవంబర్ 4న గానీ ఎన్నిక పెట్టలేదు, అందులో ఎవరికీ సగం ఓట్లు రాక రనాఫ్ (మొదటి ఇద్దరి మధ్య మళ్లీ పోటీ) 2026 జనవరి 31కి వెళ్లింది. అప్పటినుంచి అక్కడున్న మనవాళ్లు అడిగేది ఒకటే. మన దగ్గర ఖాళీ సీటుకి ఆరు నెలల్లో ఎన్నిక పెట్టాలన్న రూలు ఉంది కదా, ఇక్కడ గవర్నర్ ఇష్టమేంటి, కోర్టుకెళ్తే పెట్టించలేరా? పెట్టించగలరు, పెట్టించారు కూడా. కాకపోతే అది మేలైన పద్ధతా అంటే మాత్రం నాకు అనుమానమే.

కోర్టు కర్ర ఎలా పనిచేస్తుందో చూడాలంటే విస్కాన్సిన్ చూడాలి. 2017 డిసెంబర్ 29న ఒక రాష్ట్ర సెనేటరు, ఒక అసెంబ్లీ సభ్యుడు రాజీనామా చేశారు. ఇద్దరూ రిపబ్లికన్లే, ఇద్దరికీ తన ప్రభుత్వంలో పదవులిచ్చింది గవర్నర్ స్కాట్ వాకరే (అక్కడ గవర్నర్ అంటే మన ముఖ్యమంత్రి లెక్క, పార్టీ మనిషి, ఓట్లతో గెలిచినవాడు). 2018 నవంబర్‌లో ఎలాగూ ఎన్నికలున్నాయి, అప్పటిదాకా ఖాళీగా ఉంటే ఉంటాయి అన్నాడాయన. ఆ రాష్ట్ర చట్టం ఏమంటుందంటే, ఒక సీటుకి మామూలుగా ఎన్నిక జరగాల్సిన సంవత్సరంలో మే రెండో మంగళవారం లోపు ఖాళీ వస్తే వీలైనంత త్వరగా ఉప ఎన్నిక పెట్టాలి. వాకర్ తరఫు వాదన చూడండి: ఖాళీ వచ్చింది 2017లో, ఎన్నికల సంవత్సరం 2018, కాబట్టి ఈ రూలు మాకు వర్తించదు! అంటే వాళ్లు ఇంకో నాలుగు రోజులు ఆగి జనవరి 2న రాజీనామా చేసి ఉంటే ఎన్నిక తప్పదు, ముందే చేశారు కాబట్టి పది నెలలకు పైగా ఆ నియోజకవర్గాలకి దిక్కులేకపోయినా ఫర్వాలేదు.

ఈ తర్కం డేన్ కౌంటీ జడ్జి జోసాన్ రేనాల్డ్స్‌కి మింగుడుపడలేదు. ఆవిడని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది కూడా వాకరే, అది వేరే సంగతి. 2018 మార్చి 22, గురువారం, వారం రోజుల్లో ఎన్నికలకి ఆదేశాలివ్వమని తీర్పు చెప్పారు. ఈలోపు అసెంబ్లీలో రిపబ్లికన్లు అసలు ఆ చట్టాన్నే మార్చేయడానికి సిద్ధమయ్యారు, మాకు ఇంకొంచెం టైమివ్వండి అని గవర్నర్ మళ్లీ కోర్టుకెళ్లాడు. మంగళవారం ఇంకో జడ్జి కుదరదన్నాడు, బుధవారం అప్పీల్ కోర్టు కూడా అదే మాట అంది, గురువారం ఆదేశాలు వచ్చాయి. జూన్ 12న ఎన్నిక. సెనేట్ సీటు డెమొక్రాట్లకి పోయింది, అసెంబ్లీ సీటు రిపబ్లికన్లకే దక్కింది. ఆ జనవరిలోనే ఇంకో రిపబ్లికన్ సెనేట్ సీటు ఉప ఎన్నికలో చేజారి ఉంది కాబట్టి గవర్నర్‌కి ఎన్నికలంటే ఎందుకంత టెన్షనో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇది చదివితే కోర్టు పద్ధతే భేష్ అనిపిస్తుంది. న్యూయార్క్‌లోనూ అంతే, 2015 జనవరిలో స్టేటన్ ఐలాండ్ కాంగ్రెస్ సీటు ఖాళీ అయితే ఓటర్లు కోర్టుకెక్కారు, తేదీ మీరు చెప్తారా నన్ను చెప్పమంటారా అన్నట్టు ఫెడరల్ జడ్జి జాక్ వైన్‌స్టీన్ నిలదీసేసరికి గవర్నర్ క్వోమో మే 5న ఎన్నిక పెట్టాడు. కానీ ఒహైయో మాటేంటి? 2002 జులైలో అక్కడి కాంగ్రెస్ సభ్యుడు ట్రాఫికాంట్‌ని సభ నుంచి బహిష్కరిస్తే గవర్నర్ టాఫ్ట్ ఉప ఎన్నిక పెట్టనన్నాడు. కింది కోర్టు ఆయన వైపే నిలిచింది. ఎన్నిక పెట్టడం గవర్నర్ విధి, ఇష్టం కాదు అని అప్పీల్ కోర్టు తేల్చింది 2004లో. ఆ సీటు గడువు 2003 జనవరిలోనే అయిపోయింది!

నా లెక్కలో అసలు పాయింటు ఇదే. డబ్బుల కేసు పదేళ్లకి గెలిచినా వడ్డీతో ఇప్పిస్తారు, ఖాళీగా పోయిన నెలల్ని ఏ కోర్టూ తిరిగివ్వలేదు. పైగా త్వరగా గెలవాలంటే వెనక దన్ను ఉండాలి. విస్కాన్సిన్‌లో పేరుకి ఓటర్లే అయినా కేసు నడిపించింది ఒబామా హయాంలో అటార్నీ జనరల్‌గా చేసిన ఎరిక్ హోల్డర్ నాయకత్వంలోని డెమొక్రాట్ల సంస్థ. ఎటూ గెలవలేం అని ఎదుటి పార్టీ వదిలేసిన సీటుకి ఎవరొస్తారు?

ఇంకో రెండు దారులున్నాయి, వాటి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. గవర్నరే ఒకర్ని నామినేట్ చేయడం అమెరికా సెనేట్‌కి చాలా రాష్ట్రాల్లో ఉంది, కాంగ్రెస్ దిగువ సభకి రాజ్యాంగమే ఒప్పుకోదు. ఒబామా ఖాళీ చేసిన సెనేట్ సీటుని అమ్ముకోవాలని చూసిన ఇల్లినాయ్ గవర్నర్ భాగోతం గుర్తున్నవాళ్లకి ఆ దారి ఎందుకొద్దో చెప్పక్కర్లేదు. ఇక సాధారణ ఎన్నికల దాకా ఖాళీగా ఉంచడం అనేది అసలు పద్ధతే కాదు.

మన పద్ధతి ప్రజాప్రాతినిధ్య చట్టంలో 151ఎ సెక్షన్, ఖాళీ వచ్చిన ఆరు నెలల్లో ఉప ఎన్నిక, పెట్టేది ఎన్నికల సంఘం. మాగంటి గోపీనాథ్ 2025 జూన్ 8న చనిపోతే జూబ్లీహిల్స్‌లో నవంబర్ 11న పోలింగ్ జరిగింది, దానికోసం ఎవరూ కోర్టు మెట్లెక్కలేదు. నేను దీనివైపే మొగ్గుతాను. వీలైనంత త్వరగా అంటే ఎంత అని వాదించుకోనక్కర్లేదు, క్యాలెండర్ చూసుకుంటే చాలు.

అలాగని మనదేదో గొప్పగా ఉందని కాదు. మిగిలిన పదవీకాలం ఏడాది కంటే తక్కువైతే ఎన్నిక అక్కర్లేదు, కష్టమని కేంద్రంతో మాట్లాడి సంఘం ధ్రువీకరించినా అక్కర్లేదు. పుణె ఎంపీ గిరీష్ బాపట్ 2023 మార్చిలో పోయారు, ఏడాదికి పైగా గడువుంది, అయినా ఎన్నిక లేదు. ఒక ఓటరు వేసిన కేసులో వెంటనే పెట్టమని బొంబాయి హైకోర్టు డిసెంబర్‌లో చెబితే, జనవరిలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. అంకె రాసి ఉన్న చట్టం ఓడింది, అంకె లేని విస్కాన్సిన్ చట్టం గెలిచింది, ఈ మాట ఒప్పుకోవాలి.

ఇంకో తిరకాసు మన ఆంధ్రాదే. ప్రత్యేక హోదా కోసం వైసీపీ ఎంపీలు ఐదుగురు 2018 ఏప్రిల్ 6న రాజీనామాలిచ్చారు, అవి ఆమోదం పొందింది జూన్‌లో. అప్పటికి లోక్‌సభకి మిగిలింది ఏడాది కంటే తక్కువ, ఉప ఎన్నికలు లేవు. మేలోనే ఖాళీ అయిన కర్ణాటక సీట్లు మూడింటికి మాత్రం నవంబర్‌లో పోలింగ్ జరిగింది. కడప, రాజంపేట, తిరుపతి, నెల్లూరు, ఒంగోలు ఖాళీగానే ఉండిపోయాయి. ఏడాది లెక్క ఆమోదించిన రోజు నుంచి కాకుండా రాజీనామా చేతికిచ్చిన రోజు నుంచి మొదలవ్వాలని, కష్టం అని రాసేవాళ్లు ఆ కష్టమేంటో కారణాలతో సహా బయటపెట్టాలని 151ఎలో రెండు వాక్యాలు కలిపితే, నేను ఇంకో మాట లేకుండా మన పద్ధతికే ఓటేస్తాను.