ధూమపానం మానిపించడంపై ఆరోగ్య సిబ్బందికి రెండు రోజుల శిక్షణ: హాజరైన ఒక నర్సు సమీక్ష

కేస్ షీటులో "పొగ తాగే అలవాటు ఉంది" అని రాసుకుని, "మానేయండి" అని ఒక మాట అనేసి పక్క మంచం దగ్గరికి వెళ్లిపోవడం పదకొండేళ్ల ఉద్యోగంలో నాకు బాగా అలవాటైంది. ఆ మాట ఎందుకు పనిచేయడం లేదో తెలుసుకోవాలని ఈమధ్య రెండు రోజుల శిక్షణకు వెళ్లాను. ఫిర్యాదులు కూడా ఉన్నాయి కనుక నిర్వాహకుల పేరు రాయడం లేదు.

మొదటి రోజు గంటన్నర సేపు పొగాకు వల్ల కలిగే నష్టాలపై స్లైడ్లు చూపించారు. ఆ నష్టాలను వార్డులో రోజూ చూసేవాళ్లకు అది కాలయాపనే. అసలు శిక్షణ ఐదంచెల పద్ధతితో మొదలైంది: పొగ తాగుతారా అని అడగడం, మానమని స్పష్టంగా చెప్పడం, మానడానికి ఎంతవరకు సిద్ధంగా ఉన్నారో అంచనా వేయడం, మానడానికి సాయం చేయడం, మళ్లీ కలిసే ఏర్పాటు చేయడం. మూడు నిమిషాల లోపు ఇచ్చే సలహా కూడా మానేసేవారి సంఖ్యను పెంచుతుందని పరిశోధనల్లో తేలింది కాబట్టి, తీరిక లేదన్న మా సాకు అక్కడే వీగిపోయింది.

ఈ శిక్షణలో అన్నిటికంటే విలువైనది సంభాషణల అభ్యాసం. రోగి పాత్రలో ఉన్న శిక్షకురాలు నాతో "మానేయాలనే ఉంది గానీ, రాత్రి డ్యూటీలో అది లేకపోతే నా వల్ల కాదు" అన్నారు. నేను వెంటనే "ఊపిరితిత్తులు పాడైపోతాయండీ" అని అందుకున్నాను. ఆవిడ చేయెత్తి ఆపి, తను చెప్పిన వాక్యంలో మొదటి సగం నాకు వినబడిందా అని అడిగారు. నిజంగానే వినబడలేదు. రెండోసారి "మానేయాలని ఎందుకు అనిపిస్తోంది?" అని మాత్రమే అడిగి ఊరుకుంటే, కారణాలన్నీ ఆవిడే చెప్పుకుంటూ పోయారు. మనం బెదిరించే కొద్దీ రోగి తన అలవాటును సమర్థించుకుంటాడని పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఆ రెండు నిమిషాల్లో అర్థమైనంతగా నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

పొగ తాగేవారి ఊపిరిలో ఎక్కువగా ఉండే కార్బన్ మోనాక్సైడ్ వాయువును కొలిచే మీటరును కూడా మా చేతికిచ్చారు. పదిహేను సెకన్లు ఊపిరి బిగబట్టి, మెల్లగా ఊదాలి. మాలో పొగ తాగేవారు ఎవరూ లేరని ఉదయం అందరం చెప్పుకున్నాం. మధ్యాహ్నం ఒకరు ఊదితే మీటరు మీది అంకె 17కు చేరింది, అంటే పొగ తాగేవారిలో కనిపించే స్థాయి. ఎవరూ నవ్వలేదు, శిక్షకురాలు కూడా ఏమీ అడగలేదు. వైద్య సిబ్బందిలోనూ పొగ తాగేవారు ఉంటారన్న సంగతిని పాఠంలో చేర్చి ఉంటే బాగుండేదని అప్పుడే అనిపించింది.

నికోటిన్‌పై ఎంతగా ఆధారపడ్డారో కొలిచే ఫాగర్‌స్ట్రామ్ పరీక్షను చక్కగా వివరించారు. అందులో ఆరు ప్రశ్నలు, పది మార్కులు. నిద్ర లేచిన ఐదు నిమిషాల్లోపే మొదటి సిగరెట్ వెలిగించేవారికి ఆ ఒక్క ప్రశ్నకే మూడు మార్కులు పడతాయి. నికోటిన్ గమ్ వాడకాన్ని మామూలు చూయింగ్ గమ్‌తో సాధన చేయించారు. ఘాటు తగిలేదాకా నమిలి, ఆపై బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకుని ఊరుకోవాలి. మామూలుగా నమిలి మింగితే ఎక్కిళ్లు, కడుపులో వికారం తప్ప ప్రయోజనం ఉండదట. నేను ఇన్నాళ్లూ రోగులకు "నమలండి" అని మాత్రమే చెబుతూ వచ్చాను.

మందుల పాఠం మాత్రం నిరాశపరిచింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పొగ మానడానికి సాయపడే మందులుగా వారెనిక్లిన్, నికోటిన్ ప్రత్యామ్నాయాలు, బుప్రోపియాన్‌తో పాటు సిటిసిన్ కూడా ఉండగా, మాకిచ్చిన పుస్తకంలో సిటిసిన్ ప్రస్తావనే లేదు. పొగలోని కొన్ని రసాయనాలు మందులను విచ్ఛిన్నం చేసే ఒక కాలేయ ఎంజైమును చురుకుపరుస్తాయి కాబట్టి, మానేసిన తర్వాత క్లోజపిన్, థియోఫిలిన్ వంటి మందులు రక్తంలో పెరిగిపోయి మోతాదు తగ్గించాల్సి రావచ్చు. నర్సులు తప్పకుండా తెలుసుకోవాల్సిన ఈ విషయాన్ని ఒక్క వాక్యంతో దాటేశారు.

నా ముఖ్యమైన ఫిర్యాదు ఐదో అంచె, అంటే మళ్లీ కలిసే ఏర్పాటు గురించి. చిరాకు, నిద్రలేమి, తాగాలన్న తహతహ మానిన మొదటి వారంలోనే తీవ్రంగా ఉంటాయి, మళ్లీ మొదలుపెట్టేవారిలో చాలామంది తొలి రోజుల్లోనే మొదలుపెడతారు. అందుకే మానిన రెండు మూడు రోజులకే రోగికి ఫోన్ చేయాలి. అంతటి పాఠానికి చివర్లో ఇరవై నిమిషాలు మిగిలాయి, ఆ సమయంలోనే ఒకవైపు సర్టిఫికెట్లు పంచడం మొదలైంది. నెల తర్వాత మాకు ఫోన్ చేసి, నేర్చుకున్నది ఎంతవరకు వాడుతున్నామో కనుక్కుంటామని చెప్పారు. నాలుగు నెలలైంది, నాకైతే ఆ ఫోన్ రాలేదు.

ఐదుకు మూడున్నర ఇస్తాను. రోగులతో మాట్లాడే పని ఉన్నవారు సంభాషణల అభ్యాసం కోసమైనా వెళ్లవచ్చు. మందుల మోతాదుల కోసం వెళ్లేవారు మాత్రం తాజా మార్గదర్శకాలను ముందే చదువుకుని వెళ్లడం మంచిది.