పాండీ బజారులో చేయించిన ‘ఎడ్వర్డ్’ పేరు ఫ్రేము

మా బంధువులు తమ బిడ్డకు ఎడ్వర్డ్ అని పేరు పెట్టుకున్నారు. బాప్తిస్మం నాటికి కానుకగా ఇవ్వడానికి, పేరునూ దాని పుట్టుకనూ అర్థాన్నీ తెలుగులో అచ్చువేసి ఫ్రేము కట్టి ఇచ్చే ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. అది చెన్నై టి.నగర్‌లోని పాండీ బజారులో ఉంది. పనితనానికి వంక పెట్టలేము: చెక్క అంచులు మూలల వద్ద సందు లేకుండా కలిశాయి, కాగితం మందంగా ఉంది. మొదటి నమూనాలో మాత్రం ‘ఎడ్వర్డ్’లోని వత్తులు విడిపోయి పొల్లులుగా నిలబడ్డాయి, చూపగానే ఫాంటు మార్చి సరిచేశారు.

ఇబ్బంది అంతా రాతతోనే. వారి కంప్యూటరులో సిద్ధంగా ఉన్న వాక్యం దీనిని లాటిన్ పేరుగా చెప్పి, ఈ పేరు గలవారు పుట్టుకతోనే నాయకులని పొగిడి, కింద ఒక అదృష్ట సంఖ్యను కూడా తగిలించింది. నిజానికి ఇది అచ్చమైన ప్రాచీన ఇంగ్లీషు పేరు. సంపద, భాగ్యం అనే అర్థమున్న ‘ఏఅద్’కు కాపలాదారు అనే అర్థమున్న ‘వెఅర్ద్’ చేరి ఏర్పడింది. తమిళనాట తరచుగా వినిపించే ధనపాల్‌కు ఇది దూరపు చుట్టమనిపించక మానదు.

అర్థం కంటే ఆసక్తికరమైనది ఈ పేరు బతికి బట్టకట్టిన తీరు. 1066లో ఫ్రాన్సు వైపు నుంచి వచ్చిన నార్మన్లు ఇంగ్లండును జయించాక విలియం, రాబర్ట్, హెన్రీ వంటి పేర్లు రాజ్యమేలి, పాత ఇంగ్లీషు పేర్లు చాలావరకు మూలపడ్డాయి. అయితే ఆ ఏడాది జనవరిలోనే మరణించి, 1161లో పునీతుడిగా ప్రకటింపబడిన పాత ఇంగ్లండు రాజు ఎడ్వర్డ్ ది కన్ఫెసర్ మీద మూడవ హెన్రీ రాజుకు అపారమైన భక్తి ఉండటం వల్ల, 1239లో పుట్టిన తన పెద్దకొడుకుకు ఆ పేరే పెట్టాడు. ఆ కొడుకు మొదలు 1272 నుంచి 1377 వరకు వరుసగా ముగ్గురు ఎడ్వర్డులు సింహాసనమెక్కడంతో పేరు మళ్లీ ఊరూరా పాకింది. అది చెన్నైకీ వచ్చింది: నేటి డాక్టర్ రాధాకృష్ణన్ సాలై ఒకప్పుడు ఎడ్వర్డ్ ఇలియట్స్ రోడ్డు. చెన్నైలో పెరగబోయే పిల్లవాడి ఫ్రేములో అదృష్ట సంఖ్యకు బదులు ఈ ముక్క ఉంటే ఎంత బాగుండేది!

ఈ సంగతులు చెప్పినప్పుడు యజమాని నొచ్చుకోలేదు. “మీరే రాసివ్వండి సార్, ఉన్నదున్నట్టు వేసిస్తాం” అన్నారు, అదనంగా ఏమీ తీసుకోలేదు. ఖరీదు 850 రూపాయలు. చెక్క నాణ్యతను బట్టి చూస్తే సమంజసమే. ఫ్రేముకు 5లో 4 మార్కులు వేస్తాను, వారి సొంత రాతకు 1 కూడా ఎక్కువే. అక్కడికి వెళ్లేవారు నాలుగు వాక్యాలు ముందే సరిచూసి కాగితం మీద రాసుకుని వెళ్లాలి. రైలులో ఊరికి పట్టుకుపోయేవారు గాజుకు బదులు ఆక్రిలిక్ పలక వేయమని బయానా ఇచ్చేటప్పుడే చెప్పాలి, తరువాత మార్చరు.