బయటి సీసీ కెమెరాల్లో నైట్ మోడ్: నాలుగేళ్లకు పైగా వాడాక

వాడుతున్న సెట్టు ఇది. 2 మెగాపిక్సెల్ అనలాగ్ బుల్లెట్ (గొట్టం ఆకారపు) కెమెరాలు నాలుగు, వాటికో డీవీఆర్ (రికార్డర్), 12 వోల్టుల 5 ఆంపియర్ల ఎస్ఎంపీఎస్, అంటే కెమెరాలకు కరెంటు ఇచ్చే పెట్టె. వరండాలో పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు కూడా) మీద నడిచే 4 మెగాపిక్సెల్ ఐపీ (నెట్‌వర్క్) డోమ్, అంటే అర్ధగోళం మూత ఉన్న కెమెరా ఒకటి. ఈమధ్య గేటు దగ్గర చేర్చిన, పరారుణ లైటు, తెల్ల లైటు రెండూ ఉన్న డ్యూయల్ లైట్ కెమెరా ఒకటి. పగటి బొమ్మకు దేనికీ వంక పెట్టలేం. బయట పెట్టిన కెమెరా సత్తా తేలేది పొద్దు గూకే వేళ, మళ్లీ తెల్లవారుజామున. రంగుల నుంచి నలుపు తెలుపుకూ, అక్కడి నుంచి తిరిగి రంగులకూ మారే ఆ కాసేపట్లోనే తిప్పలన్నీ. కాబట్టి ఇక్కడ రాసేదంతా దాని గురించే.

లెన్సుకూ సెన్సార్‌కూ నడుమ ఐఆర్ (పరారుణ) కట్ ఫిల్టర్ అనే సన్నని అద్దపు బిళ్ల ఉంటుంది. పగటిపూట అది పరారుణ కాంతిని లోపలికి రానివ్వదు. చీకటి పడగానే బోర్డు ఓ చిన్న కాయిల్‌కు క్షణంపాటు కరెంటు ఇచ్చి ఆ బిళ్లను పక్కకు జరుపుతుంది, దాని చోట్లోకి మామూలు అద్దం వస్తుంది, ఐఆర్ లైట్లు వెలుగుతాయి. దగ్గర నిలబడితే వినపడే ‘టిక్’ చప్పుడు అదే. చీకటి పడిందని కెమెరాకు తెలిసే దారులు రెండు. కొన్నింటికి లెన్సు చుట్టూ ఉన్న ఎల్ఈడీల మధ్య గింజంత లైట్ సెన్సార్, అంటే ఎల్‌డీఆర్ ఉంటుంది. మిగతావి బొమ్మ ఎంత మసకబారిందో చూసి నిర్ణయించుకుంటాయి. మీ కెమెరా ఏ రకమో ముందే తెలుసుకోండి. పగలు లెన్సు వదిలేసి ఆ గింజ మీద మాత్రమే నల్ల టేపు వేసి ఒక నిమిషం ఆగండి. నైట్ మోడ్‌లోకి పోతే ఎల్‌డీఆర్ రకం.

ఎక్కువగా పీడించేది ఊగిసలాట. సాయంత్రం రంగుల్లోకి, నలుపు తెలుపులోకి, మళ్లీ రంగుల్లోకి పది పదిహేను సెకన్లకోసారి మారుతూ పోతుంది. కెమెరా చెడిపోయిందని మార్పించేస్తుంటారు గానీ, చాలాసార్లు కెమెరా తప్పేమీ ఉండదు. ఐఆర్ లైట్లు వెలగగానే ఎదురుగా దగ్గర్లో ఉన్నదేదో ఆ వెలుతురును తిప్పి కొడుతుంది. బొమ్మ బాగా ప్రకాశవంతంగా కనిపించేసరికి కెమెరా తెల్లారిందనుకుంటుంది, లైట్లు ఆర్పి ఫిల్టర్‌ను మళ్లీ అడ్డం పెడుతుంది. వెంటనే చీకటి. మళ్లీ మొదటికి. సజ్జ అంచు, సున్నం వేసిన గోడ, పీవీసీ పైపు, సాలెగూడు, అన్నిటినీ మించి ఆకులు. మన కంటికి ముదురుపచ్చగా కనిపించే ఆకు ఐఆర్ వెలుతురులో తెల్లటి కాగితంలా మెరుస్తుంది. కెమెరాకు మీటరు దూరంలో వేలాడే ఒక్క కొబ్బరి మట్ట చాలు, గాలి వీచినప్పుడల్లా మోడ్ మారడానికి.

దీన్ని పట్టుకోవడానికి నిచ్చెన ఎక్కక్కర్లేదు. డీవీఆర్ ప్లేబ్యాక్‌లో సాయంత్రం ఆరుంబావు నుంచి ఏడుంబావు దాకా 8 రెట్ల వేగంతో తిప్పి చూడండి. టైమ్‌లైన్ మీద మోషన్ గుర్తులు వరసగా గుచ్చినట్టు పడి ఉంటాయి, ఎందుకంటే మోడ్ మారిన ప్రతిసారీ బొమ్మ మొత్తం కదిలినట్టే లెక్క. ఫోన్‌కు ఉత్తుత్తి అలర్టులు వచ్చేదీ దీనివల్లే. తర్వాత రాత్రిపూట, ఎల్‌డీఆర్ ఉంటే దాన్ని తెరిచి ఉంచి, ఐఆర్ లైట్లను మాత్రం నల్ల గుడ్డతో కప్పి చూడండి. ఊగిసలాట ఆగిందా, ప్రతిఫలనమే. ఆగకపోతే కరెంటు వైపు చూడాలి.

ప్రతిఫలనానికి అసలు మందు కెమెరాను జరపడమే. సజ్జ కింద గోడకు ఆనించి కాకుండా సజ్జ అంచు దాకా ముందుకు తెచ్చి, ఫ్రేములో సజ్జ ముక్క కూడా కనపడనంతగా వంచాలి. ఎదుట రెండు మీటర్ల లోపు కొమ్మలు కొట్టేయాలి. ఆ తర్వాతే సెట్టింగులు. హైక్‌విజన్ మెనూలో డే నైట్ స్విచ్ కింద సెన్సిటివిటీ 0 నుంచి 7 దాకా, ఫిల్టరింగ్ టైమ్ (మోడ్ మార్చే ముందు కెమెరా ఆగే సమయం) 5 నుంచి 120 సెకన్ల దాకా ఉంటాయి. దాహువాలో ఇదే పనికి సెన్సిటివిటీ మూడు మెట్లు, డిలే 2 నుంచి 10 సెకన్లు. ఫిల్టరింగ్ టైమ్ 5 దగ్గర వదిలేస్తే బైకు హెడ్‌లైటు పడినా మోడ్ మారుతుంది. 60 పెడితే బాగుంటుంది. సెన్సిటివిటీ 7 దాకా పెంచడం వల్ల లాభం లేదు, 3 లేదా 4 చాలు. అనలాగ్ కెమెరాలకు ఈ మెనూ డీవీఆర్‌లోని పీటీజెడ్ (కెమెరా తిప్పే) గుర్తు నొక్కి కెమెరా ఓఎస్‌డీ, అంటే తెర మీది మెనూ తెరిస్తే వస్తుంది. చాలామందికి అదొకటి ఉందనే తెలియదు.

గేటు దగ్గర మోషన్ సెన్సార్ బల్బు పెట్టుకున్నవాళ్లకు ఇంకో మాట. మనిషి రాగానే బల్బు వెలుగుతుంది, కెమెరా డే మోడ్‌కు మారబోతుంది, మారేటప్పుడు ఒకటి రెండు సెకన్లు బొమ్మ తెల్లగానో నల్లగానో పోతుంది. ముఖం కనపడాల్సింది సరిగ్గా అప్పుడే. ఆ కెమెరా ఒక్కదాన్నీ రాత్రంతా నైట్ మోడ్‌లో కట్టిపడేయండి, లేదంటే ఆ బల్బును తెల్లవార్లూ వెలగనిచ్చి కెమెరాను కలర్‌లో ఉంచండి. రెంటికీ మధ్య ఆటో మాత్రం వద్దు.

ఇక కరెంటు. పగలంతా నిక్షేపంగా ఉండి చీకటి పడగానే బొమ్మ పోయి వస్తోందంటే, గీతలు పడుతున్నాయంటే, ముందుగా అనుమానించాల్సింది వైరునే. బుల్లెట్ కెమెరా పగలు 0.15 ఆంపియర్ తీసుకుంటే ఐఆర్ వెలిగాక 0.5 దాకా పోవచ్చు. 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ కిలోమీటరుకు సుమారు 36 ఓమ్‌లు. అరవై మీటర్ల దూరమంటే పోను రాను 120 మీటర్లు, 4.3 ఓమ్‌లు. పగలు పోయేది 0.65 వోల్టు, రాత్రి 2 వోల్టులకు పైనే. 12 వోల్టులు బయల్దేరితే కెమెరా దగ్గరికి చేరేది 10 కంటే తక్కువ. అప్పుడు కెమెరా ఆగిపోయి, ఐఆర్ ఆరి, వోల్టేజీ లేచి, మళ్లీ బూటై, మళ్లీ ఐఆర్ వెలిగించుకుని, మళ్లీ పడిపోతుంది. చౌకగా దొరికే 3+1 వైర్లలో (వీడియో కేబుల్ ఒకటి, మూడు తీగలు కలిసినవి) తీగ ఇంతకన్నా సన్నం. పైగా కొన్ని అల్యూమినియం మీద రాగి పూత వేసినవి, వాటికి నష్టం ఇంకా ఎక్కువ.

మీటరు పెట్టి కొలవాల్సింది ఎస్ఎంపీఎస్ దగ్గర కాదు, కెమెరా డీసీ పిన్ దగ్గర. అదీ ఐఆర్ వెలుగుతూ ఉండగా. ఎల్‌డీఆర్ రకమైతే టేపు వేసి పగలే ఈ పని కానిచ్చేయొచ్చు. ఎస్ఎంపీఎస్‌లో వోల్టేజీ పెంచే చిన్న స్క్రూ ఉంటే 12.5 నుంచి 13 దాకా తిప్పొచ్చు. అయితే దగ్గరి కెమెరాలకూ అదే వోల్టేజీ పోతుంది కనుక ముందు వాటి లేబుల్ మీది పరిమితి చూసుకోవాలి. దూరపు కెమెరాకు దగ్గర్లోనే విడిగా 12 వోల్టుల 1 ఆంపియర్ అడాప్టర్ పెట్టడం మెరుగు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలోనైతే వైరు కన్నా ముందు కరెంటు వచ్చే డీసీ పిన్ను, వీడియో పోయే బీఎన్‌సీ పిన్ను చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటే గీకి లాభం లేదు. కత్తిరించి కొత్తవి వేసి, జాయింట్లు మూత బిగిసే పీవీసీ బాక్సులో పెట్టాలి, వైరు బాక్సు అడుగు వైపు నుంచి ఎక్కించాలి.

నిజంగా కెమెరా లోపలే చెడేది ఫిల్టర్ ఇరుక్కుపోవడం. దాని గుర్తులు పసిగట్టడం తేలిక. పగలు ఆకులు గులాబీ రంగులో, నల్ల చొక్కా వంగపండు రంగులో కనిపిస్తే ఫిల్టర్ రాత్రి స్థానంలోనే ఉండిపోయింది. వైట్ బ్యాలెన్స్‌తో కుస్తీ పట్టకండి, పోదు. అలా కాక రాత్రి ఐఆర్ లైట్లు ఎర్రగా మినుకుమంటున్నా బొమ్మ చీకటిగా ఉందంటే పగటి స్థానంలో ఇరుక్కుంది. 940 నానోమీటర్ల ఎల్ఈడీలైతే కంటికి అసలు కనపడవు, ఫోన్ సెల్ఫీ కెమెరాతో చూస్తే చాలా ఫోన్లలో వెలుగు తెలుస్తుంది.

మెనూలో కలర్, బ్లాక్ అండ్ వైట్ మార్చి మార్చి ఓ పదిసార్లు నొక్కుతూ కెమెరా దగ్గర చెవి పెట్టండి. కొన్నిసార్లు ఆ కుదుపుకే వదులవుతుంది, కొన్నాళ్లు పని చేస్తుంది కూడా. టిక్ వినపడుతున్నా రంగు మారకపోతే బిళ్ల సగంలో ఆగుతోంది. అసలు చప్పుడే లేకపోతే లోపలి రెండు తీగల కనెక్టర్ ఊడి ఉండాలి, లేదా కాయిల్ తెగి ఉండాలి. కాయిల్ తెగిందో లేదో మల్టీమీటర్ కంటిన్యుటీ చెప్పేస్తుంది. లెన్స్ హోల్డర్‌తో కలిపి ఫిల్టర్ విడిగా దొరుకుతుంది. కొనేముందు స్క్రూ రంధ్రాల మధ్య దూరం కొలవండి, 20, 22 మిల్లీమీటర్లు రెండూ ఉన్నాయి. కనెక్టర్ తిరగబడితే పగలు గులాబీ, రాత్రి చీకటి వస్తాయి. అప్పుడు రెండు తీగలు అటూ ఇటూ మారిస్తే సరి. లెన్సు ఫోకస్ మళ్లీ చేయాలి, చేసేది పగలైనా రాత్రి మరోసారి సరిచూడాలి. మూత బిగించేటప్పుడు రబ్బరు వాషర్ మడతపడితే మొదటి వానకే లోపల ఆవిరి పడుతుంది. ఇంత శ్రమ చవక అనలాగ్ కెమెరాకు గిట్టదు, 4 మెగాపిక్సెల్ ఐపీ కెమెరా అయితే గిట్టుతుంది. వారంటీ ఉంటే ఏదీ విప్పకండి.

డోమ్ మీద మాత్రం నా మాట కఠినమే. బయటికి డోమ్ వద్దు. లెన్సు చుట్టూ ఉండే స్పాంజి రింగు డోమ్ మూతకు సరిగ్గా ఆనకపోతే ఐఆర్ లోపలే తిరిగి రాత్రి బొమ్మ పాలు కలిపినట్టు అవుతుంది. ఆ మూత మీద వేలిముద్ర పడినా అంతే. మెత్తని గుడ్డ, నీళ్లు తప్ప స్పిరిట్ లాంటివి తగలనివ్వకూడదు.

ఆటోతో విసిగి షెడ్యూల్ పెట్టుకునేవాళ్లు హైదరాబాద్ లెక్క చూసుకోండి. జూన్ చివర్లో సూర్యాస్తమయం 6.53 ప్రాంతంలో, డిసెంబర్‌లో 5.46 ప్రాంతంలో. గంటకు పైగా తేడా కాబట్టి ఏడాదికి కనీసం రెండుసార్లు మార్చాలి. ముసురు పట్టిన రోజు ఐదింటికే చీకటి పడితే షెడ్యూల్ ఏమీ చేయలేదు. రీసెట్ చేశాక టైమ్ జోన్ 5.30 దగ్గర కాక 8 దగ్గర ఉంటే రెండున్నర గంటలు ముందే, పట్టపగలే నైట్ మోడ్ వచ్చేస్తుంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా డీవీఆర్ తేదీ వెనక్కి పోతుంటే లోపలి నాణెం బ్యాటరీ అయిపోయినట్టు. కొన్ని డీవీఆర్‌లలో ఉండేది సీఆర్2032, అయినా పాతదాని మీది నంబరు చూసి కొనండి.

డ్యూయల్ లైట్ కెమెరా మామూలుగా ఐఆర్‌లో ఉండి, మనిషిని పసిగట్టగానే తెల్ల లైటు వేసి రంగుల్లోకి వస్తుంది. చొక్కా రంగు, బండి రంగు తెలుస్తాయి, అది పెద్ద లాభమే. కానీ వానాకాలం మొదట్లో ఉసిళ్లు లేచినప్పుడు తెల్ల లైటు చుట్టూ ముసిరి, వాటిని తినే బల్లులు లెన్సు మీదికి వస్తాయి. అవి కదిలే కొద్దీ లైటు ఆరదు. లైటు తీవ్రత ఆటోలో కాకుండా మాన్యువల్‌లో సగానికి తగ్గించి, డిటెక్షన్ గీత (మనిషిని పసిగట్టాల్సిన హద్దు) గేటు లోపలి వైపు మాత్రమే గీస్తే వీధిలో పోయేవాళ్లకు వెలగదు, ఎదురింటివాళ్ల కిటికీలో పడదు. ఉసిళ్ల రోజుల్లో ఓ వారం పూర్తి ఐఆర్‌కు మార్చేస్తే గొడవ ఉండదు.